రోలోఫ్ హబ్ తీసేసిన ఫ్రేముకి డీరైలర్ గేర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం. దూర ప్రయాణాల కోసం చేసిన పాత స్టీలు సైకిల్ ఫ్రేము ఒకటి కొన్నాను. వెనక చక్రం మధ్యలో ఉండాల్సిన రోలోఫ్ హబ్‌ని (14 గేర్లూ లోపలే ఉండే చక్రం నడి డబ్బా) అమ్మినాయన తనే ఉంచుకున్నారు. ఫ్రేము, చిమ్టా, ముందు చక్రం, 38 పళ్ళ చైన్‌వీల్ ఉన్న క్రాంకు, వెనక చక్రం ఖాళీ రిమ్ము (26 అంగుళాలు, 32 రంధ్రాలు) ఇచ్చారు. బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు కూర్చునే గూడు) దగ్గర గుండ్రంగా తిప్పగలిగే లావు దిమ్మె ఉంది. వెనక ఇరుసు పట్టే చోట లోపలి కొలత 135 మి.మీ. డిస్క్ బ్రేకుకి చోటుంది. కొత్త రోలోఫ్ కొనే స్తోమత లేదు. డీరైలర్ (చైనుని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే పరికరం) పెట్టిద్దామంటే ఒక షాపులో కుదరదన్నారు, ఇంకో షాపులో షిమానో ఆల్ఫైన్ 8 (లోపల 8 గేర్లుండే హబ్) పెట్టుకోమన్నారు. వేసవిలో 20 కిలోల సామానుతో ఆల్ప్స్ కనుమలు ఎక్కాలని ఉంది. రెండేళ్ళ తర్వాత సైకిల్‌ని విశాఖ తీసుకెళ్తాను. ఏం చేయమంటారు?

సమాధానం: పెట్టొచ్చు. కానీ ఇంకా ఒక్క సామాను కూడా కొనకండి. ముందు ఫ్రేము కుడి వెనక కొన దగ్గర రెండు విషయాలు చూడాలి. ఆ రెండూ సరిపోతే మిగతాదంతా మామూలు బిగింపు పనే. ఏ ఒక్కటి సరిచేయలేనంత తేడా వచ్చినా, ఎంత మంచి సామాను కొన్నా గేర్లు కుదరవు.

మొదటిది హ్యాంగర్. డీరైలర్‌ని బిగించే చిన్న చెవి అది. మామూలు గేర్ల సైకిల్‌కి కుడివైపు ఇరుసు గాడి కిందుగా దిగి ఉంటుంది, దానికి మర తీసిన రంధ్రం ఉంటుంది. హబ్ గేర్ల కోసమే చేసిన ఫ్రేముకి దాని అవసరం లేదు కాబట్టి తయారీదారు పెట్టడు. మొదటి షాపువాళ్ళు "కుదరదు" అన్నది ఇది చూసే అయ్యుంటుంది. కొన్ని ఫ్రేములకి మాత్రం రెండు రకాలకూ పనికొచ్చేలా చెవి ముందే ఉంటుంది. సర్లీ వాళ్ళ ట్రోల్, ఓగర్ లాంటివి అలాంటివే. ఇంకొన్నింటికి ఇరుసు గాడి ఉన్న పలకే విడిగా బోల్టులతో వస్తుంది. అలాంటిదైతే చెవి ఉన్న కుడి పలక తయారీదారు దగ్గర దొరుకుతుందేమో అడగండి. దొరికితే మీ అదృష్టం, వెల్డింగు గొడవే లేదు. పలక మీద మట్టి, పాత పెయింటు గీకి మరీ చూడండి. చెవి రంధ్రాన్ని ప్లాస్టిక్ బిరడాతో మూసేసిన ఫ్రేములూ ఉంటాయి.

రెండోది చాలామంది చూడరు, అదే ఎక్కువ దెబ్బ తీస్తుంది. రోలోఫ్‌లో ఒకే పళ్ళ చక్రం. చైను ఫ్రేము నడి గీత నుంచి 54 మి.మీ. దూరంలో నడుస్తుంది. అదే 135 మి.మీ. డీరైలర్ హబ్‌లో క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) చివరి 11 పళ్ళ చక్రం నడి గీతకి దాదాపు 63 మి.మీ. దూరంలో, అంటే ఫ్రేము పలకకి ఆనుకున్నంత దగ్గరగా ఉంటుంది. హబ్ గేర్ల ఫ్రేము గీసినవాడు అక్కడ చైను తిరుగుతుందని అనుకోలేదు. అందుకే వెనక గొట్టాల కొనలు, వెల్డింగు ముద్ద, పైకి పొడుచుకొచ్చిన బోల్టు తల, ఏదో ఒకటి ఆ దారిలో ఉండొచ్చు. స్నేహితుల దగ్గర 135 మి.మీ. క్విక్ రిలీజ్ (చేతి మీటతో బిగించి విప్పే) చక్రం, క్యాసెట్‌తో సహా, ఒక పూట అడిగి తెచ్చుకోండి. ఫ్రేముకి పెట్టి బిగించి, పాత చైను ముక్క ఒకటి 11 పళ్ళ చక్రం మీద చుట్టండి. చైను బయటి అంచుకీ ఫ్రేముకీ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ కావాలి. 13 పళ్ళ చక్రం మీదికి ఎక్కేటప్పుడు చైను కొంచెం ఎగిరి పక్కకి వస్తుంది, దానికే ఆ ఖాళీ. క్యారియర్, మడ్‌గార్డ్ బోల్టులు కూడా బిగించి మరీ చూడండి. ఇరుసు దగ్గరి కన్నంలోంచి లోపలికి రెండు మరలు పొడుచుకొచ్చిన క్యారియర్ బోల్టు చాలు, 11 మీద ఉన్న చైనుని పట్టి ఇరికించేయడానికి. అలాంటి చోట బోల్టుని లోపలినుంచి బయటికి పెట్టి, తల పలచగా ఉండేది వాడితే తీరిపోతుంది.

ఖాళీ 2 మి.మీ. దగ్గర ఆగితే కంగారు పడక్కర్లేదు. హబ్ కుడివైపు నట్టు కింద 1 మి.మీ. వాషరు వేసి, రిమ్ముని మళ్ళీ నడి గీతకి తెప్పించుకుంటే సరిపోతుంది. స్టీలు ఫ్రేము 1 మి.మీ. తెరుచుకోవడం లెక్కలోది కాదు. ఖాళీ అసలే లేకపోతే 11 పళ్ళ చక్రాన్ని వదులుకోవాలి: డీరైలర్ బయటివైపు ఎంతదాకా వెళ్ళాలో హద్దు పెట్టే హై స్క్రూ బిగించి చైను 13 దగ్గరే ఆగేలా చేయడమే.

ఇప్పుడు చెవి సంగతి. ముందు ఒక అయస్కాంతం తెచ్చి ఫ్రేము గొట్టానికి పెట్టండి. అంటుకుంటే స్టీలే. వెనక పలకలకి మాత్రం అంటుకోకపోతే కంగారు పడకండి, కొన్ని మంచి ఫ్రేములకి ఆ పలకలు స్టెయిన్‌లెస్‌వి ఉంటాయి. గొట్టాలకే అంటుకోకపోతే అది చాలావరకు అల్యూమినియమే, ఇక చెవి అతికించే ఆలోచన అక్కడితో మానుకోండి. సైకిల్ ఫ్రేముల్లో ఎక్కువగా వాడే 6061 రకం అల్యూమినియానికి వెల్డింగు వేడి తగిలితే ఆ చోట గట్టిదనం పోతుంది. ఫ్రేము మొత్తాన్ని మళ్ళీ కొలిమిలో పెట్టి గట్టిపరిస్తే తప్ప తిరిగి రాదు. పాత ఫ్రేముకి ఎవరూ ఆ పని చేయరు.

స్టీలైతే, సైకిల్ ఫ్రేములు కట్టే వర్క్‌షాపుకి ఇది చిన్న పని. మామూలు గేటు వెల్డింగు షాపుకి మాత్రం ఇవ్వకండి. చెవి ఎక్కడ ఉండాలన్నది మిల్లీమీటర్లలో ఉంటుంది: రంధ్రం ఇరుసు మధ్య నుంచి దాదాపు 28 మి.మీ. కిందుగా, నిట్టనిలువుగా కాక కొంచెం వెనక్కి ఉండాలి. మర ఎం10, అడుగు 1 మి.మీ. చెవి మందం 7 నుంచి 8 మి.మీ. పని చేసేటప్పుడు గాళ్ళలో 135 మి.మీ. ఉత్తుత్తి ఇరుసు బిగించి ఉంచమనండి. వేడికి పలకలు ముడుచుకుంటే ఎడమ, కుడి గాళ్ళు సమాంతరంగా ఉండవు. ఇత్తడితో అతికినా, టిగ్ వెల్డింగైనా ఫర్వాలేదు. అయ్యాక మరని మళ్ళీ ట్యాప్‌తో శుభ్రం చేయించాలి. చెవి వంకర చూసే గేజ్‌ని చక్రం చుట్టూ తిప్పితే రిమ్ము దగ్గర ఎక్కడా 4 మి.మీ. కంటే ఎక్కువ తేడా రాకూడదు. ఈ చివరి మాట మీరు పని ఒప్పుకునే ముందే అనుకోండి.

విరిగితే మార్చుకునే అల్యూమినియం చెవి కావాలా, ఫ్రేములో భాగమైపోయే స్టీలు చెవి కావాలా అని వాళ్ళు అడుగుతారు. దూర ప్రయాణానికి స్టీలే తీసుకోండి. వంగితే దారిలో స్పానరుతో తిరిగి వంచుకోవచ్చు, చాలాసార్లు ఓర్చుకుంటుంది. అల్యూమినియం చెవి ఒకసారి వంగాక రెండోసారి వంచితే విరుగుతుంది, విరిగినప్పుడు మీ ఫ్రేముకి సరిపోయేదే కావాలి.

చుట్టూ అరచేయంత మేర పెయింటు కాలిపోతుంది. తుప్పు ఆపే ప్రైమరు కొట్టించి పైన రంగు వేయించండి. గొట్టం లోపల కూడా ఆ చోట రక్షణ పోతుంది కాబట్టి సందుల్లోంచి మైనం కలిసిన తుప్పు నూనె కొంచెం చిలకరించాలి. విశాఖ సముద్రగాలికి ఇది మరచిపోతే తర్వాత ఏడవాలి.

క్విక్ రిలీజ్‌తో కలిపి బిగించే విడి చెవులు కూడా దుకాణాల్లో ఉంటాయి. అవి దారిలో చెవి విరిగినప్పుడు ఇల్లు చేరడానికి. 48 పళ్ళ క్యాసెట్ లాగే బలానికి అవి పక్కకి జరుగుతాయి, గేరు సెట్టింగు నిలవదు, చక్రం తీసిన ప్రతిసారీ మొదటికొస్తుంది. శాశ్వతంగా వాటి మీద ఆధారపడకండి.

ఇక ఏ గేర్లు పెట్టాలి? 38 పళ్ళకి వెనక 16 జత చేసిన రోలోఫ్‌లో మొదటి గేరు 0.66. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం మూడింట రెండొంతుల చుట్టు తిరుగుతుంది. పద్నాలుగో గేరు 3.48. మొత్తం వ్యాప్తి, అంటే పై గేరుని కింది గేరుతో భాగిస్తే వచ్చేది, 526 శాతం. ముందు ఒకే చైన్‌వీల్ 32 పళ్ళది, వెనక 11 నుంచి 48 వరకు 10 చక్రాల క్యాసెట్ పెడితే కింది గేరు 0.667, పై గేరు 2.91. అంటే ఎక్కుడు గేరు రోలోఫ్‌లో ఉన్నదే వచ్చింది. పోయింది పై చివర మాత్రమే. రోలోఫ్ పన్నెండుకీ పదమూడుకీ మధ్య మీ పై గేరు ఆగుతుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే 26 అంగుళాల చక్రంతో గంటకి 28 కిలోమీటర్లు దాటుతారు. 20 కిలోల సామానుతో అంతకంటే వేగం దిగుడులోనే, అక్కడ ఎవరూ తొక్కరు. గేర్ల మధ్య దూరం మాత్రం తెలుస్తుంది. రోలోఫ్‌లో ప్రతి మెట్టూ దాదాపు 13.6 శాతమే, ఇక్కడ కొన్ని మెట్లు 20 శాతానికి అటూఇటూ ఉంటాయి. సమతలంలో ఎదురుగాలికి తొక్కేటప్పుడు రెండు గేర్ల మధ్య ఇరుక్కున్నట్టు అనిపిస్తుంది. దానికి ఓర్చుకోవాల్సిందే.

ముందు మూడు చైన్‌వీళ్ళు (44-32-22), వెనక 11-34 తొమ్మిది చక్రాలు పెడితే 0.647 నుంచి 4.0 వరకు వస్తుంది. కాగితం మీద రోలోఫ్‌ని రెండు వైపులా దాటేస్తుంది. మామూలు టూరింగ్ ఫ్రేముకైతే అదే చెప్పేవాళ్ళం. మీ ఫ్రేముకి వద్దనడానికి కారణం ఆ తిరిగే దిమ్మె. ముందు డీరైలర్ సీటు గొట్టానికి పట్టీతో బిగుస్తుంది. క్రాంకు మాత్రం దిమ్మెతో పాటు ముందుకీ వెనక్కీ పైకీ కిందకీ కదులుతుంది. డీరైలర్ పంజరం వంపు చైన్‌వీల్ వంపుతో కలవాలంటే దిమ్మెని సీటు గొట్టం గీతలోనే, నిట్టగా పైకో కిందకో ఉంచాలి. అప్పుడు కూడా తీగ ఎటునుంచి వస్తుందన్నది సమస్య. బాటమ్ బ్రాకెట్ కింద తీగ జారే ప్లాస్టిక్ గైడు మీ ఫ్రేముకి ఉండదు, ఆ గూటికి రంధ్రం కొట్టకూడదు. ముందువైపు నుంచి ఔటర్ (తీగ మీది తొడుగు) నేరుగా వచ్చి కూర్చునే సైడ్ స్వింగ్ రకం ముందు డీరైలర్లు ఈ చిక్కు తీరుస్తాయి. కానీ అవి ఏ చక్రాల సంఖ్యకీ ఏ షిఫ్టరుకీ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట) చేశారో చూసి మొత్తం సెట్టుగా వెతకాలి. ఇంత తిప్పలు పడేది 28 కిలోమీటర్ల పైన ఇంకో రెండు గేర్ల కోసమైతే వదిలేయడమే నయం.

షిఫ్టరు, డీరైలర్, క్యాసెట్ ఒకే కుటుంబంలోవి తీసుకోండి. మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ ఎక్స్ 11-48 క్యాసెట్‌తో వస్తుంది, మామూలు షిమానో హెచ్‌జీ రకం ఫ్రీహబ్ (హబ్ మీద క్యాసెట్ ఎక్కే భాగం) మీదే కూర్చుంటుంది, డీరైలర్‌లో చైను ఊగకుండా పట్టే క్లచ్ ఉంది. షిమానో డియోర్ 10 చక్రాలదైతే 11-46. దానికి ముందు 30 పళ్ళు పెడితే 0.652 వస్తుంది, పై గేరు 2.73కి తగ్గుతుంది. ఏదైనా మంచిదే. ఒకదాని షిఫ్టరు, ఇంకోదాని డీరైలర్ కలపకండి. ఒక్కో క్లిక్కుకి షిఫ్టరు లాగే తీగ పొడవు వేరు, రెండు మూడు గేర్లు సరిగా పడి నాలుగోది తప్పుతుంది. తక్కువ ధరకి వస్తోందని ఒక పాత 9 చక్రాల షిఫ్టరుని షిమానో 10 చక్రాల మౌంటెన్ బైక్ డీరైలర్‌తో కలిపినా ఇదే తంతు.

క్రాంకు మార్చక్కర్లేకపోవచ్చు. మీ 38 పళ్ళ చైన్‌వీల్ నాలుగు బోల్టులతో, వాటి వలయం 104 మి.మీ. ఉంటే, అదే కొలతలో 32 పళ్ళ చైన్‌వీల్ తేలిగ్గా దొరుకుతుంది. పళ్ళు ఒకటి వెడల్పు, ఒకటి సన్నం ఉండే రకం తీసుకోండి, చైను జారదు. దాన్ని ఎక్కడ బిగిస్తారన్నదే ముఖ్యం. రోలోఫ్ కోసం 54 మి.మీ. దగ్గర పెట్టిన చోటే ఉంచేస్తే, 48 పళ్ళ చక్రం మీద ఉన్నప్పుడు చైను బాగా ఏటవాలుగా నడుస్తుంది. ఎక్కుడులో ఆగి పెడల్ వెనక్కి తిప్పగానే చైను 48 మీంచి చిన్న చక్రాల మీదికి పడిపోతుంది. మళ్ళీ తొక్కితే గరగరలు. చైన్‌వీల్‌ని క్రాంకు చేతులకి బయటివైపు కాక లోపలివైపు బిగిస్తే దాదాపు 6-7 మి.మీ. లోపలికి వస్తుంది, 47-48 దగ్గర నిలుస్తుంది. క్యాసెట్ మధ్యకి అది చాలా దగ్గర. బిగించాక వెనక గొట్టానికీ చైన్‌వీల్ పళ్ళకీ మధ్య 3 మి.మీ. పైగా ఉందో లేదో చూడండి. 38 కంటే 32 వ్యాసార్థం 12 మి.మీ. తక్కువ కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు. బాటమ్ బ్రాకెట్ ఇరుసు పొట్టిది వేసి లోపలికి తేవచ్చుగా అని ఎవరైనా అంటారు. 1 మి.మీ. లోపలికి రావాలంటే ఇరుసు 2 మి.మీ. తగ్గాలి, ఎడమ క్రాంకు కూడా లోపలికొచ్చి గొట్టానికి తగలొచ్చు. అది రెండో దారిగానే ఉంచుకోండి.

తిరిగే దిమ్మె రోలోఫ్‌లో చైను బిగువు కోసం. డీరైలర్ ఉన్నప్పుడు ఆ పని స్ప్రింగ్ చూసుకుంటుంది కాబట్టి దిమ్మెని మీకు నచ్చిన చోట పెట్టి మరచిపోవచ్చు. చైను కొయ్యకముందే పెట్టండి. దాన్ని ఒక సెంటీమీటరు ముందుకి జరిపితే చైను చుట్టు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. బయటికి తీసి, గూడు లోపల పాత మట్టి తుడిచి, పలచగా గ్రీజు రాసి, తయారీదారు చెప్పినంతే బిగించండి. పొడిగా బిగిస్తే వారంలో కిర్రుమంటుంది, అది పెడల్ శబ్దమో సీటు శబ్దమో తెలియక అన్నీ విప్పి చూస్తారు. తర్వాత సీటు ఎత్తు మళ్ళీ కొలుచుకోండి.

చక్రం దగ్గరకి వస్తే, ఆ ఖాళీ రిమ్ము ఉచితంగా వచ్చింది కదా అని వెంటనే వాడేయకండి. రోలోఫ్ హబ్ అంచులో స్పోకు రంధ్రాల వలయం 100 మి.మీ., మామూలు హబ్‌ది దాదాపు అందులో సగం. అంత పెద్ద అంచు నుంచి వచ్చే స్పోకు రిమ్ములోకి బాగా వాలుగా దిగుతుంది. అందుకని రోలోఫ్ కోసం కొన్ని బలమైన రిమ్ములకి నిపుల్ (స్పోకు కొనకి బిగించే చిన్న నట్టు) రంధ్రాలు వాలుగా కొట్టి అమ్ముతారు. అలాంటి రిమ్ముని చిన్న హబ్‌తో అల్లితే స్పోకు నిపుల్ దగ్గర మెడ విరిచినట్టు వంగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లకి అక్కడే తెగుతుంది. ఒక నిపుల్‌ని రంధ్రంలో పెట్టి ఎటు చూస్తోందో చూడండి. రిమ్ము మధ్యకి చూస్తే సరే, ముందుకో వెనక్కో బాగా వాలి ఉంటే ఆ రిమ్ము వదిలేసి కొత్తది కొనండి. కొత్తది కొంటే 36 రంధ్రాలది, హబ్ కూడా 36ది తీసుకోండి. బరువు మోసే వెనక చక్రానికి నాలుగు స్పోకులు ఎక్కువ ఉండటం మంచిదే. పాత స్పోకులు ఎవరైనా ఇస్తామన్నా పనికిరావు, ఇప్పుడు కావాల్సినవి వాటికంటే రెండు సెంటీమీటర్ల పైగా పొడవు.

రోలోఫ్ చక్రం రెండు వైపులా సమానంగా ఉంటుంది. క్యాసెట్ చక్రంలో కుడి స్పోకులు దాదాపు నిటారుగా నిలబడి ఎక్కువ బిగువు మోస్తాయి, ఎడమవి దాదాపు సగం పైచిలుకు బిగువులోనే ఉంటాయి. విరిగేవి ఎక్కువగా కుడివైపువే. కుడివైపు మోచేయి దగ్గర లావుగా ఉండే రకం, ఎడమవైపు నడుము సన్నగా ఉండే రకం వేయించండి. కుడివైపు పొడవులో మూడు, ఎడమవైపు పొడవులో మూడు స్పోకులు విడిగా తీసుకుని సీటు గొట్టానికి కట్టేసుకోండి.

ఎడమ ఇరుసు గాడి మామూలుకంటే పొడుగ్గా ఎందుకుందని అనుమానం రావచ్చు. రోలోఫ్ లోపలి గేర్లు తిరిగేటప్పుడు ఇరుసు తిరగకుండా ఆపే నాలుక ఆ గాడిలో కూర్చునేది. ఖాళీగా ఉన్నా నష్టం లేదు. పై కొసన గుండ్రం మాత్రం నలగకుండా ఉండాలి, కొత్త హబ్ ఇరుసు అక్కడే ఆనుతుంది. ఇరుసు కొన గాడిలోంచి బయటికి పొడుచుకు రాకూడదు. వస్తే క్విక్ రిలీజ్ ఫ్రేముని పట్టకుండా ఇరుసునే పట్టి ఊరుకుంటుంది. డిస్క్ బ్రేకు ఉంది కాబట్టి బిగించే క్యామ్ లోపలే దాగి ఉండే స్టీలు క్విక్ రిలీజ్ వాడండి, బయటికి కనిపించే ప్లాస్టిక్ రకం వద్దు. పాత రోలోఫ్ డిస్క్ మీ దగ్గర ఉన్నా పనికిరాదు, దానికి నాలుగు బోల్టులు, మామూలు హబ్‌కి ఆరు.

తీగ సంగతి తేలిక. రోలోఫ్ తీగలు ఎడమవైపు నుంచి వెళ్తాయి, మీకు కావాల్సింది కుడివైపు. షిఫ్టరు నుంచి డీరైలర్ దాకా 4 మి.మీ. గేరు ఔటర్ ఒకే ముక్కగా వేయండి. ఫ్రేముకి ప్లాస్టిక్ పట్టీలతో కట్టేయండి, మధ్యలో ఎక్కడా కోయకండి. వాన నీళ్ళు, మట్టి లోపలికి వెళ్ళవు. బ్రేకు ఔటర్ వేయకండి, అది నొక్కుకుపోయి గేర్లు నిలవవు. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాకే పొడవు కోయండి. డీరైలర్ దగ్గర చివరి వంపు విశాలంగా ఉండాలి.

చైను కొనేముందు వెనక గొట్టం పొడవు, అంటే బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి ఇరుసు మధ్య దాకా, టేపుతో కొలవండి. టూరింగ్ ఫ్రేములకి అది పొడుగ్గా ఉంటుంది, చైన్లు మాత్రం 114, 116 లింకుల పెట్టెల్లో వస్తాయి. లెక్క అంగుళాల్లో: పొడవుకి రెండింతలు, దానికి ముందు పళ్ళలో నాలుగో వంతు, వెనక పెద్ద చక్రం పళ్ళలో నాలుగో వంతు, ఒకటి కలపాలి, వచ్చినదాన్ని పై పూర్ణ అంగుళానికి పెంచాలి, అంగుళానికి రెండు లింకులు. 45 సెం.మీ. ఉంటే 35.4 + 8 + 12 + 1 = 56.4, అంటే 57 అంగుళాలు, 114 లింకులు. 46 సెం.మీ. అయితే 57.2 వస్తుంది, 58 అంగుళాలు, 116 లింకులు. ఒక్క సెంటీమీటరుకే 114 పెట్టె చాలకుండా పోయింది చూడండి. కొన్నాక, డీరైలర్‌లోకి దూర్చకుండా 32 మీద, 48 మీద చైను చుట్టి కలిసే చోటికి రెండు లింకులు కలిపి చూస్తే లెక్క సరిచూసుకున్నట్టు. పొట్టి చైనుతో పొరపాటున 48 వేస్తే డీరైలర్, కొత్తగా అతికించిన చెవీ రెండూ పోతాయి.

బిగించేటప్పుడు వరస ముఖ్యం. చెవి వంకర చూశాకే డీరైలర్, 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు. క్యాసెట్ లాక్‌రింగ్ 40. తీగ కట్టకముందే చేత్తో డీరైలర్‌ని తోసి హై, లో స్క్రూలు సరిచేయండి: చైను 11 బయటికి, 48 లోపలికి పడకూడదు. తర్వాత తీగ. చివర బీ స్క్రూ, డీరైలర్‌ని క్యాసెట్ నుంచి ఎడంగా ఉంచేది. 48 పళ్ళ చక్రానికీ దాని కిందున్న డీరైలర్ పై చిన్న చక్రానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో డీరైలర్‌తో వచ్చిన గేజ్ చెప్తుంది. ఎడం సరిపోనంత దగ్గరగా వస్తే, పెద్ద చక్రాలు ఎక్కేటప్పుడు గరగరమంటుంది. బీ స్క్రూ చివరిదాకా తిప్పినా రాకపోతే చెవి ఇరుసుకి మరీ దగ్గరగా అతికారన్నమాట.

చెవి ఏ రకంగానూ కుదరకపోతే ఆల్ఫైన్ గురించి ఆలోచించాలి. అది ఈ ఫ్రేములో పడుతుంది: 135 మి.మీ., నిలువు గాడికి సరిపోయే ఇరుసు వాషర్లు 8ఆర్, 8ఎల్ గుర్తులతో వస్తాయి, తిరిగే దిమ్మెతో చైను బిగించుకోవచ్చు. రెండో షాపువాళ్ళు తప్పేం చెప్పలేదు, మీ కొండల సంగతి అడగలేదంతే. ఆల్ఫైన్ 8 హబ్ లోపల మొదటి గేరు నిష్పత్తి 0.527. ముందు, వెనక పళ్ళ నిష్పత్తి 2కి అటూఇటూ ఉంచమని షిమానో చెప్తుంది, అంతకంటే బాగా తగ్గిస్తే లోపలి గేర్ల మీద భారం పెరుగుతుంది. రెండూ గుణిస్తే మీ ఎక్కుడు గేరు 1.05. మనిషి, సైకిల్, సామాను కలిపి 110 కిలోలనుకుని 10 శాతం ఎక్కుడులో నిమిషానికి 60 చుట్లు తొక్కాలంటే, కొండ ఎక్కడానికే 0.667 గేరులో దాదాపు 147 వాట్లు చాలు. 1.05లో 230 దాటుతుంది. మొదటిది మామూలు మనిషి గంటసేపు తొక్కగలడు. రెండోది చాలామందికి పది నిమిషాల ముచ్చట, తర్వాత దిగి నెట్టాలి. ఆల్ఫైన్ 11 వ్యాప్తి 409 శాతమైనా మొదటి గేరు అదే 0.527, పెరిగిందంతా పైన. డాన్యూబ్ ఒడ్డున తిరగడానికైతే ఆల్ఫైన్ హాయి, కనుమలకి కాదు.

ఫ్రేము చెవి లేని అల్యూమినియందని తేలితే, లేదా 13 దగ్గర కూడా ఖాళీ లేదని తేలితే, అమ్మేయండి. జర్మనీలో రోలోఫ్ హబ్ చేతిలో పెట్టుకుని ఫ్రేము కోసం వెతికేవాళ్ళుంటారు, మీ డబ్బు మీకు వస్తుంది. ఆ డబ్బుతో చెవి ఉన్న పాత టూరింగ్ సైకిల్ దొరుకుతుంది. వాడిన రోలోఫ్ హబ్ దొరికితే అదీ ఒక దారే. సీరియల్ నంబరుతో పాటు కొన్న రసీదు అడిగి చూడండి, దొంగ సరుకు కాదని తేలాలి. నూనె 5,000 కిలోమీటర్లకోసారి మార్చారా అని అడగండి.

విశాఖ వెళ్ళేటప్పుడు 11-48 క్యాసెట్ ఒకటి, చైన్లు రెండు, గేరు తీగలు నాలుగు పెట్టుకెళ్ళండి. 10 చక్రాల చైను మన ఊళ్ళలో పెద్ద సైకిల్ దుకాణాల్లో దొరుకుతుంది, పెద్ద క్యాసెట్టే అడిగిన రోజు ఉండదు. చైను సాగుడు గేజ్‌తో నెలకోసారి చూసి 0.5 శాతం దగ్గరే మార్చేస్తే ఆ క్యాసెట్ రెండు మూడు చైన్ల పాటు నిలుస్తుంది.

ఆల్ప్స్ బయలుదేరేముందు సామానుతో సహా 200 కిలోమీటర్లు దగ్గర్లో తిరగండి. ఔటర్ కొనలు కూర్చుని తీగ వదులవుతుంది, షిఫ్టరు దగ్గరి బ్యారెల్‌ని సగం చుట్టు విప్పితే గేర్లు మళ్ళీ సరిగా పడతాయి. కొత్త చక్రం స్పోకులు మరోసారి బిగువు చూపించండి. దిమ్మె బోల్టులు, చైన్‌వీల్ బోల్టులు, అతికించిన చెవి చుట్టూ పెయింటులో సన్నని పగులు ఏమైనా వచ్చిందా, ఇవన్నీ అప్పుడే చూసుకోండి.